కళ్ళు మూసుకొని చూసిన సినిమా

దేవుడు మనిషికి కనురెప్పలు ఎందుకిచ్చాడన్న సంగతి మా కాలంలో మాకు స్పష్టంగా తెలుసు. ప్రార్థనప్పుడు మూసుకోవడానికి ఇచ్చాడు, సినిమా పోస్టరు ఎదురైనప్పుడు మూసుకోవడానికి ఇచ్చాడు. మొదటిది సులువే. రెండోదే కష్టంగా ఉండేది. ఎందుకంటే మంచిర్యాలకు కొంచెం ఇవతల, రైలు పట్టాలకూ గోదారికీ నడుమ ఉన్న మా ఊళ్ళో, మేము గుడి అని పిలుచుకునే మా పెంకుల చర్చికీ ఊరి టాకీసుకూ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకు వాళ్ళవైపు సున్నం వేయించి పోస్టర్లు అంటించేవారు, మావైపు వాక్యాలు రాయించేవాళ్ళం. ఆదివారం మేము కీర్తన ఎత్తుకునే వేళకు అటు రికార్డు ఎత్తుకునేది. అప్పుడప్పుడు వాళ్ళ డోలక్‌కూ మా తబలాకూ తాళం కలిసిపోయి, మా ముసలమ్మలు ఎన్నడూ లేనంత హుషారుగా చప్పట్లు కొట్టేవారు. ఆ రోజు ఆత్మ బలంగా దిగిందని పాస్టరు గారు మెచ్చుకునేవారు. దిగింది ఎటువైపు నుంచో ఎవరూ విచారించలేదు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. యౌవనస్తుల కూడికలో ప్రసంగాలు కూడా చేసేవాణ్ణి. నా ప్రసంగం ఎక్కడ మొదలైనా సినిమా దగ్గరికొచ్చి ఆగేది. అప్పటిదాకా ఒక్క సినిమా కూడా చూసి ఎరగను. అయినా హీరోయిన్ ఎట్లా నడుస్తుందో, విలన్ ఎట్లా నవ్వుతాడో, వాన పాటలో ఎవరు ఎంత తడుస్తారో అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పి, "ఛీ" అని ముగించేవాణ్ణి. (నా ప్రసంగం ఉందంటే మగపిల్లలు ముందే వచ్చి కూర్చునేవారు. అది వాక్యం మీది ఆకలి అనుకున్నాను.) మా సంఘంలో నియమం ఏమిటంటే, సినిమాకు పోయినవాడు ఆ నెల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు దూరం, పైగా వెనక బెంచీ. ఈ నియమాన్ని కాపాడేది మా సంఘపెద్ద. రైల్వేలో సిగ్నల్ పని చేసి దిగిపోయినందుకు అందరం ఆయన్ని సిగ్నల్ తాత అనేవాళ్ళం. ఆదివారం గుడి గుమ్మంలో నిలబడి, ఎవడు ఏ షోకు పోయివచ్చాడో మొహం చూసి చెప్పేవాడు.

ఇక గోడకు అవతలివాడి సంగతి. టాకీసు ఓనరూ, పంచాయతీ సమితి అధ్యక్షుడూ ఒక్కరే. ఊరంతా ఆయన్ని మద్రాస్ పటేల్ అనేది. నెలకోసారి మద్రాసు రైలెక్కి పోయి, అక్కడ సినిమా కంపెనీల చుట్టూ తిరిగి, నల్ల కళ్ళద్దాలతో దిగేవాడు. తెలుగు సినిమా తన భుజాల మీదే నడుస్తున్నట్టు మాట్లాడేవాడు. ఫలానా హీరో తనకు స్వయంగా టీ పోశాడనీ, ఫలానా హీరోయిన్ "అన్నా" అని పిలిచిందనీ సమితి మీటింగుల్లో చెప్పేవాడు. తాగునీటి బావి కోసం వచ్చినవాళ్ళు అవన్నీ విని, బావి సంగతి మరిచిపోయి, సంతోషంగా ఇళ్ళకు పోయేవారు. అప్పుడప్పుడే సినిమావాళ్ళు రాజకీయాల్లోకి రావడం మొదలైంది. లోకమంతా సినిమా నుంచి రాజకీయాల్లోకి వస్తుంటే, మా పటేల్ రాజకీయాల నుంచి సినిమాలోకి బయలుదేరాడు, అదే పట్టాల మీద ఎదురుగా.

ఎవరో నిర్మాతకు డబ్బు అవసరం పడితే పటేల్ ఆదుకున్నాడట. అందుకు ప్రతిఫలంగా ఒక వేషం ఇచ్చారట. జమీందారు వేషం అడిగితే, ఆ వేషాలు వేసేవాళ్ళు మద్రాసులోనే చాలామంది ఉన్నారని చెప్పి, చర్చిలో పెళ్ళి చేసే పాస్టరు వేషం ఇచ్చారు. ఒక ఆదివారం పటేల్ తెల్లచొక్కా వేసుకొని మా గుడికొచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఒక ఆత్మ రక్షణలోకి వస్తున్నదని పాస్టరు గారికి కన్నీళ్ళు తిరిగాయి. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి మా దగ్గరే స్థిరపడిన మనిషి. మా మాట ఆయనకు అంటలేదు, ఆయన మాట మాకు అంటలేదు. అయినా ఏళ్ళ తరబడి విని విని, మాకు "లేచి నిలబడండి, ప్రార్థన చేద్దాము" అని గుంటూరు పలుకుబడిలో వినబడితే తప్ప దేవుడు వింటున్నాడన్న నమ్మకం కుదిరేది కాదు. కూడిక చివర ఆయన రెండు చేతులూ ఎత్తి దీవెన ఇచ్చేటప్పుడు మేమంతా లేచి, తల వంచి, కళ్ళు గట్టిగా మూసుకునేవాళ్ళం. అక్కడే పుట్టి పెరిగిన నేను కూడా ఆ దీవెన ఎట్లా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. పటేల్ మాత్రం, తర్వాత ఆయనే చెప్పుకున్నట్టు, కళ్ళు తెరిచి, చేతులు ఎంత ఎత్తాలో, వేళ్ళు ఎట్లా విప్పాలో శ్రద్ధగా చూసుకున్నాడు. మా సంఘ చరిత్రలో దీవెనను కళ్ళారా చూసినవాడు ఆయనొక్కడే. నేర్చుకోవడం అయిపోగానే రావడం మానేశాడు. పాస్టరు గారు ఆ ఆత్మ కోసం ఉపవాసం ఉన్నారు.

ఈ సినిమా గొడవలో మా నాయినమ్మ ఎట్లా పడిందో చెప్పాలి. మా సంఘానికి గుడి ఉంది గానీ సమాధుల జాగా లేదు. చనిపోయినవాళ్ళను గోదారి ఒడ్డున పెట్టేవాళ్ళం. మా తాతను కూడా అక్కడే పెట్టాం. ఒక వానాకాలం గోదారి పైకొచ్చి, ఆయన్ని తీసుకొని పోయింది. అప్పటినుంచి నాయినమ్మకు ఒకటే దిగులు. ఆమెకు నీళ్ళంటే భయం. బాప్తిస్మం నాడు కూడా పాస్టరు గారి చెయ్యి వదలలేదని, పైకి లేచాక కూడా పట్టుకునే ఇంటిదాకా నడిచిందని చెప్పుకునేవారు. "నన్ను మాత్రం నీళ్ళల్ల పెట్టకుండ్రి బిడ్డా" అని పొద్దున లేవగానే ఒకసారి నాకు చెప్పేది. నాకేదో అధికారం ఉన్నట్టు నేను తల ఊపేవాణ్ణి. రైలు పట్టాలకు అవతల గుట్ట కింద సర్కారు మెరక భూమి కొంత ఖాళీగా ఉంది. దాన్ని సమాధులకు ఇవ్వాలంటే సమితి నుంచి సిఫారసు పోవాలి. ఆ కాగితం మీద పటేల్ సంతకం పెట్టాలి. ఎప్పుడు పోయినా "జూద్దాం తియ్యి" అనేవాడు. ఆ ఏడు నాయినమ్మకు దగ్గు పట్టుకుంది. వానాకాలం దగ్గర పడుతున్నది. దగ్గినప్పుడల్లా ఆమె గోదారి వైపు చూసేది.

సరిగ్గా అప్పుడే పటేల్ సినిమా ఆయన టాకీసులోనే విడుదలైంది. ఆయన పాస్టరు గారిని పిలిపించి, మీ సంఘమంతా మ్యాటినీకి రావాలి, టికెట్టు అక్కరలేదు, మీ వేషమే కాబట్టి మీరు చూసి బాగుందంటేనే నాకు తృప్తి అన్నాడు. ఆట అయ్యాక టాకీసు వాకిట్లోనే చాయ తాగుదామనీ, ఆ భూమి కాగితం కూడా అక్కడికే తెప్పిస్తాననీ చెప్పాడు.

ఆ వారం మా గుడిలో జరిగిన చర్చ మామూలు చర్చ కాదు. సినిమాకు పోతే బల్లకు దూరం, పోకపోతే సమాధికి దూరం. సిగ్నల్ తాత ఎర్రజెండా పట్టినట్టే కూర్చున్నాడు. నేను లేచి, నా పాత ప్రసంగాలన్నీ కలిపి ఒక కొత్త ప్రసంగం చేశాను. ప్రాణం పోయినా ఆ గుమ్మం తొక్కకూడదన్నాను. నాయినమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి నింపాదిగా, "పొయ్యేది నా పానం గదా కొడుకా, నీకేం ఫికర్" అంది. ఆ తర్వాత నా ప్రసంగం ముందుకు సాగలేదు. చివరికి పాస్టరు గారు ఒక మార్గం కనిపెట్టారు. మనం సినిమాకు పోవడం లేదు, ఒక ఆత్మను దర్శించడానికి పోతున్నాం, ఆ ఆత్మ టాకీసులో ఉంటే మన తప్పు కాదు అన్నారు. మరి పాటలు? పాటలప్పుడు అందరం కళ్ళు మూసుకోవాలని తీర్మానం. పాట వస్తున్నదని తెలిసేది ఎట్లా? సినిమాల గురించి మా సంఘంలో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడిగా పేరున్న నేను, పాట రాబోతుండగా గట్టిగా దగ్గాలి, అయిపోగానే మళ్ళీ దగ్గాలి. పాపాన్ని అంత వివరంగా ప్రసంగించినందుకు నాకు దక్కిన పదవి అది.

మ్యాటినీకి మా సంఘం టాకీసులోకి పోయిన తీరు ఊరు చాలాకాలం చెప్పుకుంది. గుమ్మం దగ్గర సిగ్నల్ తాత అలవాటుకొద్దీ చెప్పులు విడిచాడు. వెనక వచ్చినవాళ్ళందరూ విడిచారు. టాకీసు ముందు చెప్పుల కుప్ప చూసి, లోపల ఏదో దేవుని సినిమా ఆడుతున్నదనుకొని ఇద్దరు ముసలివాళ్ళు కొబ్బరికాయతో వచ్చారట. లోపల మగవాళ్ళం కుడివైపు, ఆడవాళ్ళు కొంగు తలమీద కప్పుకొని ఎడమవైపు కూర్చున్నాం. మొగుడూ పెండ్లాలను విడదీస్తారేందని గేటుకీపరు బతిమాలాడు గానీ వినలేదు. ఆట మొదలైంది. నేను నా బాధ్యత నిర్వర్తించాను. వయొలిన్లు లేస్తే దగ్గాను, పూలతోట కనబడితే దగ్గాను, హీరోయిన్ అద్దంలో చూసుకున్నా దగ్గాను. ఒకసారి తొందరపడి దగ్గితే అది పాట కాదు, పోలీసు జీపు. మొత్తం సంఘం ఆ జీపు పోయేదాకా కళ్ళు మూసుకొని కూర్చుంది. కింద నేల టికెట్టు వాళ్ళు, "గా పిలగానికి మందన్న తాపుండ్రి" అని అరిచారు. మా ముసలమ్మలు ఒకసారి మూసిన కళ్ళు మళ్ళీ తెరిచేలోగా హాయిగా ఒక కునుకు తీశారు.

విరామం అయ్యాక, తెర మీద గంట మోగింది. చర్చి. తెల్లపూలు, పెళ్ళికూతురు. ఇదే పటేల్ ఘట్టమని అందరం ముందుకు జరిగాం. అప్పుడు ఆ గొంతు వినబడింది. గంభీరమైన గొంతు. గుంటూరు పలుకుబడి. "అందరూ లేచి నిలబడండి, ప్రార్థన చేద్దాము."

మేము లేచి నిలబడ్డాం.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేను దగ్గలేదు. బెంచీలు ఒక్కసారిగా కిర్రుమన్నాయి, తలలు వంగాయి, కళ్ళు మూతపడ్డాయి. పాస్టరు గారు కూడా లేచారు. (ఆయన జీవితంలో మరొకరి దీవెన కింద నిలబడే అవకాశం అరుదుగా వచ్చేది పాపం.) వెనకనుంచి "కూసుండ్రి, కూసుండ్రి" అన్న కేకలూ, ఈలలూ వస్తున్నా మేము కదలలేదు. దీవెన పూర్తయ్యింది. టాకీసు కప్పు ఎగిరిపోయేటట్టు మేమందరం "ఆమెన్" అన్నాం. కళ్ళు తెరిచి చూస్తే, తెర మీద హీరో కొబ్బరితోటలో ఎవరినో తంతున్నాడు. మేము కూర్చుని, పటేల్ కోసం ఎదురుచూడసాగాం. శుభం కార్డు పడ్డాక కూడా సిగ్నల్ తాత లేవకుండా, "పటేల్ ఇంకా రాకపాయె?" అని నన్నడిగాడు. అప్పుడు నాకు అర్థమైంది. వచ్చిపోయాడు. ఆయన వేషం అంతవరకేనని తాత చెవిలో చెప్పాను.

వాకిట్లో కుర్చీలు వేయించి పటేల్ ఎదురుచూస్తున్నాడు. సినిమా వేసే మిషన్ గది కిటికీలోంచి మమ్మల్ని వెనకనుంచి చూశాడట. తనకోసం సంఘమంతా లేచి నిలబడిందని మొహం వెలిగిపోతున్నది. పక్కన గుమాస్తా చేతిలో మా కాగితం. చాయ వచ్చింది. పటేల్ పాస్టరు గారి వైపు వంగి, మొహం ఎట్లా వచ్చిందని అడిగాడు. దీవిస్తున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కనబడ్డాయా అని అడిగాడు. పాస్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. అబద్ధం ఆడకూడదు. నిజం చెబితే జాగా పోతుంది. ఆయన అద్దాలు తుడుస్తూనే ఉన్నారు. అంత శుభ్రమైన అద్దాలు నేను మళ్ళీ చూడలేదు.

సంఘాన్ని ఆదుకోవాలని సిగ్నల్ తాత ముందుకొచ్చాడు. చూడనిదాని గురించి చెబితే అబద్ధమవుతుంది గానీ, విన్నదాని గురించి చెబితే కాదు కదా అని ఆయన లెక్క. "మొకం సంగతి పక్కన పెట్టు పటేలా. గొంతు మాత్రం, ఏం గొంతు. మేఘం ఉరిమినట్టున్నది" అన్నాడు.

పటేల్ చేతిలో కప్పు ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి, మెల్లగా చెప్పాడు. "గా గొంతు నాది గాదు తాతా."

డబ్బింగు నాడు తనను పిలవనే లేదట. మీ యాస పాస్టరు వేషానికి నప్పదు, దొంగలకూ గూండాలకూ అయితే సరిపోతుంది అని చెప్పి, అక్కడి మనిషి ఎవరితోనో చెప్పించారట. ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేదట. తెలుగు సినిమాను భుజాల మీద మోస్తున్న మనిషి, గొంతు తీసేసిన మనిషిలా కూర్చున్నాడు. సిగ్నల్ తాత జీవితంలో మొదటిసారి తప్పు సిగ్నల్ ఇచ్చి, బండి బోల్తాపడ్డట్టు చూస్తున్నాడు. గుమాస్తా కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకోబోయాడు. నేను నాయినమ్మ వైపు చూడలేకపోయాను.

పటేల్ నా వైపు తిరిగాడు. "నువ్వు సదువుకున్నోనివి గదా, నువ్వు జెప్పు. నేనెట్ల జేసిన?"

ఆదివారాల్లో గంటసేపు ఆగకుండా మాట్లాడేవాణ్ణి. నోరు తెరిచాను. అలవాటైన ఒకే ఒక్క శబ్దం వచ్చింది. దగ్గాను. మా ముసలమ్మల్లో ఇద్దరు టక్కున కళ్ళు మూసుకున్నారు.

అప్పుడు నాయినమ్మ చాయ కప్పు కింద పెట్టింది. "వాన్నేం అడుగుతవ్ పటేలా. మేమెవ్వలం నిన్ను జూడలే" అంది.

పాస్టరు గారి చేతిలోంచి అద్దాలు జారాయి.

"జూడలేదా? మరి అంత మంది లేసి నిలబడ్డరు?"

"నిలబడ్డం. కండ్లు మూసుకున్నం. దీవెన ఇస్తుంటే కండ్లు తెరుస్తరా ఎవలన్న?"

"అందరు మూసుకున్నరా?"

"అందరం. గా పాస్టరయ్య సుత."

పటేల్ పాస్టరు గారిని చూశాడు. పాస్టరు గారు తల వంచుకొని అవునన్నారు. పటేల్ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తూ వచ్చాడు. "మొకం మీరు జూడలే. గొంతు నాది గాదు. మరి నేను జేసిందేంది అవ్వా?" అన్నాడు. ఆ అడగడంలో అధ్యక్షుడూ లేడు, టాకీసు ఓనరూ లేడు.

"దీవెన ఇచ్చినవ్" అంది నాయినమ్మ. "మొకంతోని ఇస్తరా దీవెన, గొంతుతోని ఇస్తరా? చేతులు నీయే గదా?"

పటేల్ తన చేతులు చూసుకున్నాడు. "చేతులు నాయే."

"మరింకేంది. గా చేతుల్తోనే గీ కాయితం మీద జర సంతకం బెట్టు. నాకు దగ్గు ఎక్కువైతున్నది."

గుమాస్తా కాగితం మడత విప్పాడు. పటేల్ సంతకం పెట్టాడు. పెట్టాక ఆ పెన్నుకు మూత పెట్టకుండా చాలాసేపు పట్టుకొని కూర్చున్నాడు. పోయేముందు నన్ను పక్కకు పిలిచి, నిజంగానే అందరూ మూసుకున్నారా అని మళ్ళీ అడిగాడు. నిజమేనన్నాను. మద్రాసులో ఎంత పెద్ద హీరోకైనా జనం కళ్ళు తెరుచుకొనే చూస్తారు గానీ, ఇట్లా మూసుకోరు కదా అన్నాడు.

తర్వాతి ఆదివారం, మా అందరినీ వెనక బెంచీకి పంపాలా వద్దా అన్న విచారణ జరిగింది. అందరూ వెనక బెంచీకి పోతే అదే ముందు బెంచీ అవుతుందని ఒకరు గుర్తు చేశారు. చివరికి సిగ్నల్ తాతే పచ్చజెండా ఊపాడు. పాటలప్పుడు కళ్ళు మూసుకున్నాం, పటేల్ వచ్చినప్పుడూ మూసుకున్నాం, జీపును కూడా చూడలేదు, కాబట్టి మనం సినిమా చూసినట్టు కాదని తీర్పు చెప్పాడు. కొబ్బరితోటలో తన్నులాట మాత్రం అందరూ చూశారు. దాని ప్రస్తావన ఎవరూ తేలేదు.

పటేల్ ఆ దీవెనను వదిలిపెట్టలేదు. ఆ రోజునుంచి ఏ మీటింగులోనైనా ఉపన్యాసం అయిపోగానే రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు విప్పి, జనం మీద చాపేవాడు. బోరింగు ప్రారంభించినా అంతే, ఎరువుల గోదాము తాళం తీసినా అంతే. సినిమా నుంచి రాజకీయాల్లోకి వచ్చినవాళ్ళు ఒక్క చెయ్యి ఊపితే ఓట్లు రాలాయి. మా పటేల్ రెండు చేతులూ ఎత్తితే, పటేల్ మతం పుచ్చుకున్నాడని ఎదుటి పార్టీవాళ్ళు ఊరూరా చాటింపు వేశారు. ఓడిపోయాడు. మా సంఘం ఓట్లు మాత్రం ఒక్కటీ పోలేదట. తర్వాత సమితులే పోయాయి, టాకీసు పోయి ఫంక్షన్ హాలు వచ్చింది. ఇప్పుడు ఆదివారం మా కీర్తనకు అటునుంచి డీజే వాయిస్తాడు. వాడి తాళం మాకు కలవదు.

నాయినమ్మ దగ్గు ఆ వానాకాలం తగ్గింది. జాగా దొరికిందన్న ధైర్యానికో ఏమో, ఆమె ఇంకా చాలా ఏళ్ళు బతికింది. అప్పుడప్పుడు నా చెయ్యి పట్టుకొని గుట్ట కిందికి నడిచి, మెరక మీద నిలబడి గోదారి ఎంత దూరముందో చూసుకొని సంతోషపడేది. ఆమెను అక్కడ పెట్టిన రోజు పటేల్ వచ్చాడు. జుట్టు తెల్లబడింది, నల్ల కళ్ళద్దాలు లేవు. వెనకగా నిలబడ్డాడు. పాస్టరు గారు ముసలి గొంతుతో, ఇంకా గుంటూరు వదలని పలుకుబడితో, దీవెన కోసం చేతులెత్తారు. అందరి తలలూ వంగాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా కళ్ళు మూతపడలేదు. ఎందుకో పటేల్ వైపు చూశాను. ఒకప్పుడు మా గుడిలో దీవెనను కళ్ళారా చూసిన ఒకే ఒక్క మనిషి, ఆ పూట కళ్ళు గట్టిగా మూసుకొని నిలబడ్డాడు. చూసింది నేనొక్కణ్ణే. సినిమా పోస్టరు ముందు రెప్పలు బిగించిన ఒకప్పటి నేను, ఆ ఇరవై ఏళ్ళ ప్రసంగీకుడు, గనక అక్కడ ఉంటే, దీవెన వేళ కళ్ళు తెరిచినందుకు నన్ను నిలబెట్టి వెనక బెంచీకి పంపేవాడు. నేను పోయేవాణ్ణే. పోతూ పోతూ వాడి చెవిలో ఒక్కసారి గట్టిగా దగ్గి పోయేవాణ్ణి.